తెలుగు ప్రాంతాల ఆర్థిక ఏకీకరణ: తొలి దశ (1947–1967)

తెలుగు ప్రాంతాల ఆర్థిక ఏకీకరణ అనగా, 1947 నాటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాలలోను, నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యంలో ఉన్న తెలంగాణ జిల్లాలలోను వేర్వేరుగా నడుస్తున్న సుంకాలు, నాణేలు, రైళ్లు, తపాలా, పన్నులు, బొగ్గు గనులు, నదీజలాల వ్యవహారాలు ఒక్కొక్కటిగా ఒకే ఏర్పాటు కిందికి వచ్చిన క్రమం. ఇది 1948లో హైదరాబాదు భారతదేశంలో కలవడంతో మొదలై, 1950 నాటి సమాఖ్య ఆర్థిక విలీనంతో చట్టరూపం పొంది, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో తదుపరి మెట్టుకు చేరి, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పాటు, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీటి విడుదల వంటి ఘట్టాలతో తొలి రూపం దిద్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధానంతరం పశ్చిమ యూరప్ దేశాలు ఆర్థికంగా దగ్గరైన కాలమూ ఇదే కావడం వల్ల రెండింటి పోలిక అధ్యయనానికి ఉపకరిస్తుంది (చూ. యూరప్ ఏకీకరణతో పోలిక).

నిర్వచనం, పరిధి

ఆర్థిక ఏకీకరణలో సాధారణంగా కొన్ని మెట్లు గుర్తిస్తారు. సభ్య ప్రాంతాల మధ్య సుంకాలు తొలగిస్తే అది స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం. వాటితోపాటు బయటినుంచి వచ్చే సరుకులపై అందరూ ఒకే సుంకం వేస్తే అది సుంకాల కూటమి. సరుకులే కాక కూలీలు, పెట్టుబడి, సేవలు కూడా అడ్డులేకుండా కదిలితే అది ఉమ్మడి మార్కెట్. ఒకే నాణెం, ఒకే కేంద్ర బ్యాంకు ఉంటే అది ద్రవ్య కూటమి. తెలుగు ప్రాంతాల విషయంలో ఈ మెట్లన్నీ వరుసగా రాలేదు. కొన్ని ఒకేసారి వచ్చాయి, మరికొన్ని రాజకీయ విలీనం జరిగిన చాలా ఏళ్లకు పూర్తయ్యాయి.

ఈ వ్యాసం హైదరాబాదు రాజ్యంలోని తెలుగు జిల్లాలకు, వాటి సరిహద్దున ఉన్న కృష్ణా జిల్లాకు, ముఖ్యంగా రైలు, రోడ్డు, కాలువ మార్గాలు కలిసే విజయవాడకు ప్రాధాన్యం ఇస్తుంది. హైదరాబాదు రాజ్యంలోని మరాఠీ, కన్నడ జిల్లాలు 1956లో బొంబాయి, మైసూరు రాష్ట్రాలలో చేరినందువల్ల వాటి తరవాతి చరిత్ర దీని పరిధిలోకి రాదు.

ఏకీకరణకు ముందు: రెండు ఆర్థిక వ్యవస్థలు

సరిహద్దు, సుంకాలు. కృష్ణా జిల్లాకు పడమటి, ఉత్తర హద్దులలో నిజాం రాజ్యం ఉండేది. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే రోడ్డు జగ్గయ్యపేట దాటాక ఆ రాజ్యంలో ప్రవేశించేది. రైలు దారిలో కొండపల్లి బ్రిటిష్ ఏలుబడిలోను, మధిర నిజాం ఏలుబడిలోను ఉండేవి. హద్దు కూడా తిన్ననిది కాదు: కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా చుట్టూ నిజాం గ్రామాలు ఉండగా, నిజాంకు చెందిన పరిటాల గ్రామ సముదాయం చుట్టూ కృష్ణా జిల్లా ఉండేది. ఈ హద్దు దాటే సరుకుపై సుంకం వసూలు చేసే హైదరాబాదు శాఖను కరోడ్‌గిరి అనేవారు. ఈస్టిండియా కంపెనీకీ నిజాంకూ మధ్య 1802లో కుదిరిన వాణిజ్య ఒప్పందం ఈ సుంకాన్ని సరుకు విలువలో 5 శాతానికి పరిమితం చేసింది. సముద్రతీరం లేని హైదరాబాదుకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కునూ అదే ఒప్పందం ఇచ్చింది. అంటే, తెలంగాణ వ్యాపారానికి కృష్ణా తీరం అవసరమన్న గుర్తింపు ఆనాటి పత్రాలలోనే ఉంది.

నాణేలు. హైదరాబాదు రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దీనిని హాలీ సిక్కా అనీ, చివరి నిజాం కాలంలో ఉస్మానియా సిక్కా అనీ పిలిచేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనేవారు. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ సిక్కా, అంటే 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు, అధికారిక మారకపు రేటుగా స్థిరపడింది. 1918 నుంచి రాజ్యం సొంత కాగితపు నోట్లు కూడా అచ్చువేసింది. ఈ ద్రవ్యాన్ని నిర్వహించడానికి, ప్రభుత్వ ఖజానా పనులు చూడడానికి 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడింది. కోస్తాలో ఈ పాత్రను రిజర్వు బ్యాంకు పోషించగా, వాణిజ్య బ్యాంకులలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు ముఖ్యమైనది.

రైళ్లు, బొగ్గు. 1874లో వాడి–సికింద్రాబాదు మార్గంతో మొదలైన నిజాం రైల్వే వరంగల్, డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడ (నేటి విజయవాడ) చేరింది. గుంతకల్లు వైపునుంచి వచ్చే మీటర్ గేజి మార్గం, మద్రాసు–కలకత్తా కోస్తా మార్గం కూడా అక్కడే కలవడంతో వేర్వేరు యాజమాన్యాల రైళ్లు కలిసే కూడలిగా బెజవాడ ఎదిగింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయ్యాక ఢిల్లీ–మద్రాసు దగ్గరి దారి కూడా దీని మీదుగానే సాగింది. ఇల్లెందు ప్రాంతంలో 1870ల తొలినాళ్లలో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ కనుగొన్న బొగ్గు నిక్షేపాల తవ్వకం 1880ల చివర మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాలలో అధికభాగం కొనడంతో గనులు ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చాయి. ఈ విధంగా సరుకు రవాణా, ఇంధనం విషయాలలో రెండు ప్రాంతాలు 1947కు ముందే ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉండగా, వాటిని నడిపే చట్టాలు, ఖజానాలు మాత్రం వేరుగా ఉండేవి.

యథాతథ ఒప్పందం, ఆంక్షలు (1947–1948)

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాంకూ మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. అప్పటివరకు బ్రిటిష్ ప్రభుత్వంతో ఉన్న పాలనా సంబంధాలు భారత ప్రభుత్వంతో కొనసాగాలన్నది దాని సారం. ఆ వెంటనే తలెత్తిన వివాదాలలో పలు అంశాలు ఆర్థికమైనవే. హైదరాబాదు ప్రభుత్వం విలువైన లోహాల ఎగుమతిని నిషేధిస్తూ ఒక ఆర్డినెన్సు, తన రాజ్యంలో భారత నాణేల చెలామణి చెల్లదంటూ మరో ఆర్డినెన్సు జారీచేసింది. 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ రుణపత్రాలను పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. ఇవి ఒప్పందానికి విరుద్ధమని భారత ప్రభుత్వం ఆక్షేపించగా, సరిహద్దులో సరుకులను అడ్డుకుంటూ భారతదేశమే ఆర్థిక దిగ్బంధం చేస్తున్నదని హైదరాబాదు ప్రభుత్వం ఆరోపించింది. ఈ కాలంలో తెలంగాణ నుంచి పెద్ద సంఖ్యలో ప్రజలు కృష్ణా జిల్లాలో తలదాచుకోగా, హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు గ్రామాలలో శిబిరాలు నడిపింది. పరిటాల ప్రాంత ప్రజలు 1947లోనే తాము నిజాం పాలన నుంచి వైదొలగినట్లు ప్రకటించుకున్నారు.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్యలో ఒక దళం విజయవాడ వైపు నుంచి ప్రవేశించింది. చర్య ముగిశాక మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా పాలన చేపట్టారు. రాజకీయంగా హైదరాబాదు భారతదేశంలో చేరినప్పటికీ, సుంకాలు, నాణెం, రైలు, తపాలా మాత్రం ఇంకా వేరుగానే కొనసాగాయి.

సమాఖ్య ఆర్థిక విలీనం (1950)

సంస్థానాల ఆర్థిక వ్యవహారాలను కేంద్రంతో కలిపే పద్ధతిని సూచించడానికి 1948లో వి. టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడింది. కేంద్రానికి చెందే ఆదాయాలు, కేంద్రానికి చెందే బాధ్యతలు రెండూ ఒకేసారి బదిలీ కావాలనీ, దానివల్ల ఏ సంస్థానానికైనా ఆదాయంలో లోటు ఏర్పడితే దానిని కేంద్రం కొంతకాలం భర్తీ చేయాలనీ ఈ సంఘం ప్రతిపాదించింది. రాజ్యాంగంలోని 278వ అధికరణం ఇటువంటి ఒప్పందాలకు పది సంవత్సరాల వరకు అవకాశం కల్పించింది. 1950 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను, కేంద్ర ఎక్సైజు, రైల్వేలు, తపాలా, రేడియో వంటివి హైదరాబాదు నుంచి కేంద్రానికి బదిలీ అయ్యాయి. నిజాం తపాలా బిళ్లల స్థానంలో భారత తపాలా బిళ్లలు వచ్చాయి. హైదరాబాదులోని దక్కన్ రేడియో ఆకాశవాణి కేంద్రంగా మారింది.

రాజ్యాంగంలోని 301వ అధికరణం దేశమంతటా వ్యాపార స్వేచ్ఛను ప్రకటించినా, సుంకాలే ప్రధాన ఆదాయంగా ఉన్న పూర్వ సంస్థానాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుని వాటిని కొంతకాలం కొనసాగించడానికి 306వ అధికరణం వీలు కల్పించింది. దీని గడువు గరిష్ఠంగా పది సంవత్సరాలు; ఐదు సంవత్సరాల తరవాత రాష్ట్రపతి దీనిని ముగించవచ్చు. 278, 306 అధికరణాలు రెండింటినీ 1956 నాటి ఏడవ సవరణ తొలగించింది.

రంగాలవారీ పరిణామాలు

ద్రవ్యం, బ్యాంకింగ్. 1950లో భారత రూపాయి హైదరాబాదులో హాలీ సిక్కాతోపాటు చెలామణిలోకి వచ్చింది. పాత 7:6 నిష్పత్తే మారకానికి ఆధారమైంది. 1951లో హాలీ సిక్కా జారీ ఆగిపోయినా, దాని చెలామణి పూర్తిగా రద్దయింది 1959లో మాత్రమే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయా పైసల దశాంశ పద్ధతి దేశమంతటా రావడంతో అణాల లెక్కా మారింది. 1956లో హైదరాబాదు స్టేట్ బ్యాంకును రిజర్వు బ్యాంకు తన అనుబంధ సంస్థగా స్వీకరించి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా పేరు మార్చింది. 1959 చట్టంతో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధమైంది.

రైల్వేలు. నిజాం రైల్వే 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసింది. విజయవాడకు ఆధారమైన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అదే సంవత్సరం ఏప్రిల్ 14న ఏర్పడిన సదరన్ రైల్వేలో చేరింది. దానితో యాజమాన్యం ఒక్కటైనా, సికింద్రాబాదు, విజయవాడ వేర్వేరు జోన్లలో ఉండిపోయాయి. 1966 అక్టోబరు 2న సెంట్రల్ రైల్వే నుంచి సికింద్రాబాదు, షోలాపూరు డివిజన్లను, సదరన్ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లను తీసుకుని సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. రాష్ట్ర అవతరణకూ దీనికీ మధ్య దాదాపు పదేళ్ల వ్యవధి ఉంది.

రోడ్డు రవాణా. హైదరాబాదు రాజ్యంలో బస్సులు 1932 నుంచి రైల్వే శాఖ ఆధీనంలోనే నడిచాయి; నిజాం రైల్వే కేంద్రంలో కలిశాక 1951లో అవి రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చాయి. కోస్తాలో మాత్రం బస్సులు ప్రైవేటు యజమానులవి. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కృష్ణా జిల్లా మార్గాలను జాతీయం చేయ సంకల్పించినప్పుడు బస్సు యజమానులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధమైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1958లో ఆ పథకం ఆమోదాన్ని కొట్టివేసింది. వివాదంలో పక్షమైన రవాణా శాఖ కార్యదర్శే అభ్యంతరాలు విన్నారనీ, విన్నది ఒకరూ నిర్ణయించింది మరొకరూ కావడం సహజ న్యాయానికి విరుద్ధమనీ కోర్టు పేర్కొంది. తెలంగాణలో పాతుకున్న ప్రభుత్వ రవాణా పద్ధతిని డెల్టాకు విస్తరించే ప్రయత్నంలో తలెత్తిన ఈ కేసు భారత పాలనా న్యాయశాస్త్రంలో తరచుగా ఉదహరించేదిగా నిలిచింది.

అమ్మకం పన్ను, ఆబ్కారీ. ఆంధ్ర ప్రాంతంలో 1939 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1950 నాటి హైదరాబాదు చట్టం ప్రకారం అమ్మకం పన్ను వసూలయ్యేది. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం రెండింటినీ ఒకటిగా చేసింది. ఆబ్కారీ, అంటే కల్లు, సారాలపై వచ్చే ఆదాయం విషయంలో తేడా మిగిలిపోయింది: మద్రాసు రాష్ట్ర కాలంలో అమలైన మద్యనిషేధం ఆంధ్ర జిల్లాలలో కొనసాగగా, తెలంగాణలో నిషేధం లేనందువల్ల ఆబ్కారీ అక్కడి ఖజానాకు ముఖ్య ఆధారంగా ఉండేది. రెండు ప్రాంతాల ఆదాయ వ్యత్యాసానికి ఇది ప్రధాన కారణాలలో ఒకటి.

ధాన్యం. 1957లో కేంద్రం ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యం మండలాన్ని ఏర్పరచింది. మండలం లోపల బియ్యం స్వేచ్ఛగా కదలవచ్చు, బయటికి పంపాలంటే అనుమతి కావాలి. అందువల్ల కృష్ణా డెల్టా బియ్యానికి తెలంగాణతోపాటు దక్షిణాది రాష్ట్రాలన్నీ ఒకే విపణి అయ్యాయి.

నదీజలాలు. ఈ రంగంలో సహకారం విలీనానికి ముందే మొదలైంది. తుంగభద్ర జలాలపై మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1944లో అంగీకారానికి వచ్చి 1945లో ఆనకట్ట పని ప్రారంభించాయి. కృష్ణపై నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదనకు కృష్ణా జిల్లాలోని ముక్త్యాల జమీందారు వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ విస్తృతంగా ప్రచారం చేశారు. 1952లో నియమితమైన ఖోస్లా సంఘం దానిని సమర్థించింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి ఆంధ్ర, హైదరాబాదు వేర్వేరు రాష్ట్రాలు. నాగార్జునసాగర్‌గా పేరొందిన ఈ ఆనకట్ట అప్పటికి రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. 1967లో నీరు విడుదలైన దీని ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాలకు, కుడి కాలువ గుంటూరు వైపు ప్రాంతాలకు ఉద్దేశించినది. ఇదే కాలంలో, 1852–55లో కట్టిన విజయవాడ ఆనకట్ట 1952లో తెగిపోయిన తరవాత, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ నిర్మాణమైంది.

రాష్ట్రాల పునర్విభజన, పెద్దమనుషుల ఒప్పందం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం ఆదాయ లోటుతో సతమతమైంది. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 నాటి నివేదికలో తెలుగు ప్రాంతాలన్నీ కలిసిన విశాలాంధ్ర వల్ల కలిగే ప్రయోజనాలను గుర్తిస్తూనే, విలీనంపై తెలంగాణలోని ఆందోళనలను కూడా ప్రస్తావించింది. తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంగా కొనసాగాలనీ, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తరవాత ఆ శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరితే ఆంధ్రలో కలవవచ్చుననీ సిఫారసు చేసింది.

అయితే 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరు ప్రాంతాల కాంగ్రెసు నాయకుల మధ్య, పెద్దమనుషుల ఒప్పందంగా పేరొందిన అంగీకారం కుదిరింది. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె. వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నర్సింగరావు సంతకాలు చేశారు. దాని ఆర్థిక అంశాలలో ముఖ్యమైనవి మూడు: రాష్ట్ర కేంద్రీయ, సాధారణ పాలన ఖర్చును రెండు ప్రాంతాలు దామాషా ప్రకారం భరించి, తెలంగాణ ఆదాయంలో మిగిలినదాన్ని ఆ ప్రాంత అభివృద్ధికే వెచ్చించడం, తెలంగాణలో మద్యనిషేధంపై ఆ ప్రాంత శాసనసభ్యుల నిర్ణయాన్ని అనుసరించడం, అక్కడి వ్యవసాయ భూముల అమ్మకాలను ప్రాంతీయ మండలి నియంత్రణలో ఉంచడం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాజ్యాంగం 371వ అధికరణం ఆధారంగా 1958లో తెలంగాణ ప్రాంతీయ సంఘం ఏర్పడింది.

యూరప్ ఏకీకరణతో పోలిక

1948 జనవరి 1న బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గు మధ్య బెనెలక్స్ సుంకాల కూటమి అమలులోకి వచ్చింది. అమెరికా మార్షల్ ప్రణాళిక సహాయాన్ని సమన్వయించడానికి అదే సంవత్సరం ఏప్రిల్‌లో యూరప్ ఆర్థిక సహకార సంస్థ ఏర్పడింది. 1950 మే 9న ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉన్నతాధికార సంస్థ కింద ఉంచాలని ప్రకటించారు; జాన్ మొనే రూపొందించిన ఈ ఆలోచన 1951 ఏప్రిల్ 18 నాటి పారిస్ ఒడంబడికగా మారి, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెనెలక్స్ దేశాల మధ్య 1952లో అమలైంది. 1957 మార్చి 25 నాటి రోము ఒడంబడిక యూరప్ ఆర్థిక సమాజాన్ని స్థాపించింది. ఆరు దేశాల సుంకాల కూటమి 1968 జూలై 1కి పూర్తయింది.

రెండు ఏకీకరణల మధ్య ప్రధానమైన తేడా ఘట్టాల వరుసలోనే ఉంది. యూరప్‌లో స్వతంత్ర దేశాలు ఒడంబడికల ద్వారా ముందుగా ఆర్థిక బంధాలు ఏర్పరచుకుని, రాజకీయ సహకారాన్ని వాటిమీద నిలపాలని భావించాయి. తెలుగు ప్రాంతాలలో రాజకీయ విలీనం ముందు జరిగి, ఆర్థిక ఏర్పాట్లు రాజ్యాంగం కింద తరవాత వచ్చాయి. యూరప్‌లో బొగ్గుతో మొదలైన ఏకీకరణ ఉమ్మడి నాణేన్ని చేరుకోవడానికి 1999 వరకు పట్టగా, ఇక్కడ ఉమ్మడి నాణెం 1950లోనే వచ్చి, సింగరేణి బొగ్గు గనులపై హైదరాబాదు ప్రభుత్వానికి ఉన్న అధికారం 1956లో ఆంధ్రప్రదేశ్‌కు సంక్రమించింది. పరివర్తన కాలం ఇవ్వడం మాత్రం రెండింటికీ ఉమ్మడి లక్షణం: రోము ఒడంబడిక పన్నెండేళ్ల గడువును, భారత రాజ్యాంగం పదేళ్ల గడువును కేటాయించాయి. నష్టపడే పక్షానికి ఇచ్చిన హామీల విషయంలో మరో తేడా ఉంది. యూరప్ హామీలు ఒడంబడికలలో భాగమై న్యాయస్థానం ద్వారా అమలు కాగలిగేవి. పెద్దమనుషుల ఒప్పందం రాజకీయ అంగీకారం మాత్రమే కాగా, ప్రాంతీయ సంఘానికి సంబంధించిన భాగానికే ఉత్తర్వుల ద్వారా చట్టబద్ధత లభించింది.

వివాదాలు, మదింపులు

ఏకీకరణ ఫలితాలపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. విలీనాన్ని సమర్థించినవారు ఉమ్మడి నదీ ప్రాజెక్టులను, విస్తరించిన విపణిని, హైదరాబాదు నగరంలో పెరిగిన పెట్టుబడులను ప్రయోజనాలుగా చూపారు. విమర్శించినవారు తెలంగాణ మిగులు నిధులు ఆ ప్రాంతంలో ఖర్చుకాలేదనీ, ఉద్యోగాలు, భూములు, నీటి వాటాలలో హామీలు అమలు కాలేదనీ వాదించారు. 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఆందోళన నేపథ్యంలో నియమితమైన కుమార్ లలిత్ సంఘం 1956 నవంబరు నుంచి 1968 మార్చి వరకు ఖర్చుకాని తెలంగాణ మిగులును సుమారు 34 కోట్ల రూపాయలుగాను, ఆ తరవాత జస్టిస్ భార్గవ సంఘం సుమారు 28 కోట్లుగాను లెక్కించాయి. ఆంధ్ర ప్రాంతంలో ఎదురైన ప్రధాన అభ్యంతరం ఉద్యోగాలలో స్థానికతకు సంబంధించిన ముల్కీ నిబంధనలపై. 1972లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించాక ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం విజయవాడ కేంద్రంగా సాగింది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ప్రాంతీయ సంఘాన్ని రద్దుచేసి, వేరే ఏర్పాట్లను ప్రవేశపెట్టింది.

ప్రాముఖ్యం

విజయవాడ స్థానంలో వచ్చిన మార్పు ఈ క్రమానికి స్పష్టమైన సూచిక. రెండు ప్రభుత్వాల హద్దుకు చేరువలో ఉన్న రైలు కూడలి, ఒకే రాష్ట్రంలోని రెండు ప్రాంతాల మధ్య సరుకు పంపిణీ కేంద్రంగా మారింది. వన్‌టౌన్, గవర్నర్‌పేట వంటి వ్యాపార పేటల లావాదేవీలలో హద్దు సుంకం, మారకపు రేటు అనే రెండు ఖర్చులు లేకుండా పోయాయి. పాలనాపరంగా చూస్తే, నాణెం, తపాలా వంటి కేంద్ర విషయాలు వేగంగా ఒక్కటికాగా, పన్నులు, రవాణా వంటి రాష్ట్ర విషయాలకు ఎక్కువ కాలం పట్టింది. మిగులు నిధుల పంపిణీ వంటి ప్రాంతీయ విషయాలు వివాదంగా మిగిలాయి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఇదే జాబితాను తిరిగి చేతబట్టి, సింగరేణిలో ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 51 శాతం వాటాను తెలంగాణకు అప్పగించి, కృష్ణా జలాల కోసం నదీ యాజమాన్య బోర్డును ఏర్పరచింది. రాష్ట్రం రెండైనా, నాణెం, రైల్వే, రాష్ట్రాల మధ్య స్వేచ్ఛా వ్యాపారం మాత్రం ఉమ్మడిగానే కొనసాగుతున్నాయి. 1950లో రాజ్యాంగం ద్వారా జరిగిన ఏకీకరణ, 1956లో ఒప్పందం ద్వారా జరిగిన ఏకీకరణ కంటే స్థిరమైనదని ఈ ఫలితం చూపుతుంది.